ఇంటి కంప్యూటర్‌లో లినక్స్: తిరుపతి, చిత్తూరు వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. అప్పటి నుంచి మా చుట్టుపక్కల వాళ్ళు ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఒకటే: "సిస్టం బాగానే ఉంది, కానీ విండోస్ 11 ఎక్కదంటున్నారు. అమ్మేయాలా?" తొందరపడి అమ్మకండి. అందులో లినక్స్ వేసుకుంటే ఇంకొన్నేళ్ళు హాయిగా వాడుకోవచ్చు. కొందరికి మాత్రం లినక్స్ సరిపడదు. వాళ్ళెవరో కూడా కింద రాశాను. అవి చదివాకే మీ నిర్ణయం తీసుకోండి.

లినక్స్ అంటే ఏంటి? ఉబుంటు, మింట్ అని వేరే పేర్లు కూడా వింటున్నామే?

కంప్యూటర్‌లోని ప్రాసెసర్, మెమరీ, డిస్కులతో పని చేయించే మూల ప్రోగ్రామ్‌ని కెర్నెల్ అంటారు. లినక్స్ అనే కెర్నెల్‌ని 1991లో లినస్ టోర్వాల్డ్స్ ఫిన్లాండ్‌లో విద్యార్థిగా ఉన్నప్పుడు మొదలుపెట్టాడు. అంతకుముందే, 1983లో, రిచర్డ్ స్టాల్మన్ అందరూ స్వేచ్ఛగా వాడుకునే ఆపరేటింగ్ సిస్టం కోసం గ్నూ అనే ప్రాజెక్టు ప్రకటించాడు. ఈ రెండింటికీ డెస్క్‌టాప్, బ్రౌజర్, ఆఫీస్ లాంటివన్నీ చేర్చి, మనం నేరుగా వాడుకునేలా ఇచ్చే మొత్తాన్ని డిస్ట్రిబ్యూషన్ అంటారు. వాడుకలో డిస్ట్రో అయింది. ఉబుంటు, మింట్, డెబియన్, ఫెడోరా అన్నీ డిస్ట్రోలే.

మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ నడిచేది కూడా లినక్స్ కెర్నెల్ మీదే. కాబట్టి లినక్స్ మీకు పూర్తిగా కొత్తేమీ కాదు.

నిజంగా ఉచితమేనా? ఏడాది తర్వాత డబ్బు అడుగుతారా?

అడగరు. యాక్టివేషన్ కీ, ట్రయల్ గడువు లాంటివి ఉండవు. లినక్స్ కెర్నెల్ జీపీఎల్ అనే లైసెన్సు కింద వస్తుంది. దాని ప్రకారం ఎవరైనా వాడుకోవచ్చు, సోర్స్ కోడ్ చూడొచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. ఒకే పెన్‌డ్రైవ్‌తో మీ ఇంట్లో, మీ అన్న ఇంట్లో, పక్కింట్లో వేసుకున్నా తప్పులేదు. ఇంతకాలం క్రాక్ చేసిన విండోస్‌తో నెట్టుకొచ్చిన ఇళ్ళకి ఇది పెద్ద ఊరట. ఆ క్రాక్ ఫైళ్ళతో పాటు ఏ వైరస్ లోపలికి వచ్చిందో అన్న భయం పోతుంది.

మా సిస్టం పాతది. సరిపోతుందా?

విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. ఇంటెల్ అయితే దాదాపు 8వ తరం ప్రాసెసర్ నుంచే అధికారికంగా ఒప్పుకుంటారు. లినక్స్‌కి అలాంటి పట్టింపు లేదు. లినక్స్ మింట్‌కి కనీసం 2 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్క్ ఉండాలి. 4 జీబీ ర్యామ్ ఉంటే ఇబ్బంది లేకుండా వాడుకోవచ్చు.

ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. లినక్స్ తేలిగ్గా ఉన్నా, బ్రౌజర్ బరువు బరువే. 2 జీబీ ర్యామ్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే ఏ సిస్టమైనా హ్యాంగ్ అవుతుంది. పాత ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ అనే వేగమైన డిస్క్ వేయించండి. నాలుగైదు నిమిషాలు పట్టే స్టార్టింగ్ అర నిమిషానికి దిగిపోవచ్చు. పాత సిస్టం మీద పెట్టే ప్రతి రూపాయీ ముందు ఎస్ఎస్‌డీకి, తర్వాత ర్యామ్‌కి వెళ్ళాలని నా గట్టి అభిప్రాయం. మరీ పాత 32-బిట్ ప్రాసెసర్ అయితే మాత్రం పెద్ద డిస్ట్రోలు దాదాపు అన్నీ వాటిని వదిలేశాయి. దాని మీద డబ్బు పెట్టకండి.

ఇన్ని డిస్ట్రోల్లో ఏది వేసుకోవాలి?

విండోస్ అలవాటున్న ఇంటికి లినక్స్ మింట్. 8 జీబీ ర్యామ్ ఉంటే సినమన్ ఎడిషన్, 4 జీబీ అయితే తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్. స్టార్ట్ మెనూ లాంటి బటన్ ఎడమ మూలన, గడియారం కుడి మూలన ఉంటాయి కాబట్టి పెద్దవాళ్ళు కూడా తడబడరు. మింట్ 22 సిరీస్ ఉబుంటు 24.04 మీద ఆధారపడింది. 2029 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. మిగతావన్నీ అలవాటయ్యాక చూసుకోవచ్చు.

ఇన్‌స్టాల్ చేయకుండా ఒకసారి చూడొచ్చా?

చూడొచ్చు, చూడాలి కూడా. లినక్స్‌లో నాకు అన్నిటికంటే నచ్చే సౌకర్యం ఇదే.

కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకోండి. అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి ఖాళీది చూసుకోండి. మింట్ సొంత వెబ్‌సైట్ నుంచి ఐఎస్ఓ ఫైల్ (మొత్తం సిస్టం ఒకే ఫైల్‌గా ఉండేది) దింపుకోండి. దాదాపు 3 జీబీ ఉంటుంది. పల్లెలో ఫోన్ డేటా మీద ఆధారపడేవాళ్ళు టౌన్‌లో ఫైబర్ ఉన్న చుట్టాల ఇంట్లో దింపుకుంటే మేలు. తర్వాత విండోస్‌లో రూఫస్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో ఆ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. మామూలుగా కాపీ పేస్ట్ చేస్తే బూట్ అవదు. చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

పెన్‌డ్రైవ్ పెట్టి సిస్టం రీస్టార్ట్ చేసి, కంపెనీ లోగో కనిపించగానే బూట్ మెనూ కీని టకటకా నొక్కండి. డెల్, లెనోవోల్లో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, అసుస్ ల్యాప్‌టాపుల్లో ఎస్కేప్. కొన్ని ల్యాప్‌టాపుల్లో ఎఫ్ఎన్ కీ కూడా కలిపి నొక్కాలి. వచ్చిన జాబితాలో యూఎస్‌బీ పేరు ఎంచుకుంటే కాసేపటికి మింట్ డెస్క్‌టాప్ వస్తుంది. ఇప్పుడు నడుస్తున్నది పెన్‌డ్రైవ్ నుంచే. మీ హార్డ్ డిస్క్‌ని అది ముట్టుకోలేదు.

ఇక్కడ తొందరపడొద్దు. వైఫై కలుస్తుందో లేదో, పాట పెడితే సౌండ్ వస్తోందో లేదో, వెబ్‌క్యామ్, టచ్‌ప్యాడ్, బ్రైట్‌నెస్ కీలు, ప్రింటర్ అన్నీ చూడండి. ల్యాప్‌టాప్ మూత మూసి తెరిచి, నిద్ర లేస్తోందో కూడా చూడండి. అన్నీ బాగుంటేనే ఇన్‌స్టాల్ సంగతి. పెన్‌డ్రైవ్ నుంచి నడిచేటప్పుడు కాస్త నిదానంగా ఉంటుంది. దాన్ని చూసి స్పీడ్ గురించి ఒక అభిప్రాయానికి రాకండి.

ఫోటోలు, సర్టిఫికెట్లు పోతాయేమోనని టెన్షన్‌గా ఉంది.

ఆ టెన్షన్ ఉండటమే మంచిది. ఇన్‌స్టాలర్‌లో "డిస్క్ మొత్తం చెరిపేసి మింట్ వేయి" అనే అర్థం వచ్చే ఎంపిక ఒకటుంటుంది. అది అన్నంత పనీ చేస్తుంది. సీ డ్రైవ్ ఒక్కటే పోతుంది, డీ డ్రైవ్ మిగులుతుంది అనుకుంటారు చాలామంది. మిగలదు. ఒకే డిస్క్ మీదున్న డ్రైవులన్నీ పోతాయి. "ఫార్మాట్ కొట్టినా డీ డ్రైవ్ అట్లే ఉంటుంది" అని షాపుల్లో విండోస్ వేసేటప్పుడు వినే మాట ఇక్కడ వర్తించదు.

అందుకే ముందు బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లు మరిచిపోకండి. మనవాళ్ళ ముఖ్యమైన ఫైళ్ళు సగం అక్కడే ఉంటాయి: పెళ్ళి ఫోటోలు, పదో తరగతి మార్కుల జాబితా, ఇంటి రిజిస్ట్రేషన్ స్కాన్ కాపీలు. కాపీ అయ్యాక ఆ డిస్క్‌ని ఇంకో కంప్యూటర్‌కి పెట్టి నాలుగు ఫైళ్ళు తెరిచి చూడండి. తెరుచుకుంటేనే అది బ్యాకప్.

ఇంకో జాగ్రత్త. కొత్త ల్యాప్‌టాపుల్లో బిట్‌లాకర్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అయి ఉండొచ్చు. విండోస్‌ని కూడా ఉంచుకోవాలనుకుంటే డిస్క్‌ని కదిపే ముందు దాని రికవరీ కీని మైక్రోసాఫ్ట్ ఖాతాలో చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి.

విండోస్, లినక్స్ రెండూ ఉంచుకోవచ్చా?

ఉంచుకోవచ్చు. ఆన్ చేసినప్పుడు ఏది కావాలో అడుగుతుంది. ముందు విండోస్‌లోనే డిస్క్ మేనేజ్‌మెంట్‌తో ఒక 60 నుంచి 100 జీబీ ఖాళీ చేసుకుని, ఫాస్ట్ స్టార్టప్ అనే సెట్టింగ్ ఆపేయండి. ఆపకపోతే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ అవదు. అప్పుడు లినక్స్‌లోంచి డీ డ్రైవ్ తెరిస్తే ఫైళ్ళు కనిపిస్తాయి గానీ కొత్తవి సేవ్ అవకపోవచ్చు.

రెండూ వేసుకున్నవాళ్ళు కంగారుపడే చిన్న విషయం ఒకటుంది. లినక్స్ వాడి మళ్ళీ విండోస్‌లోకి వెళ్తే గడియారం సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు వెనక చూపిస్తుంది. మదర్‌బోర్డు బ్యాటరీ పోయిందని షాపుకి తీసుకెళ్తారు. బ్యాటరీకి ఏమీ కాలేదు. మదర్‌బోర్డు గడియారంలో లినక్స్ అంతర్జాతీయ సమయం రాస్తుంది, విండోస్ దాన్ని మన సమయమనుకుని చదువుతుంది. మన సమయానికీ దానికీ తేడా 5:30. లినక్స్ కూడా స్థానిక సమయమే రాసేలా ఒక్క ఆదేశంతో మార్చుకోవచ్చు.

తెలుగు టైపింగ్ ఎలా? అను ఫాంట్లు పని చేస్తాయా?

తిరుపతిలో డీటీపీ, ఫ్లెక్సీ పనులు చేసేవాళ్ళు, వాళ్ళ దగ్గర పెళ్ళి కార్డులు చేయించుకునేవాళ్ళు ఇద్దరూ అడిగే ప్రశ్న ఇది. కాస్త వివరంగా చెప్తాను.

తెలుగు చదవడానికి ఏమీ చేయక్కర్లేదు. ఏ సిస్టంలోనైనా అక్షరాలు సరిగ్గా కనిపించేలా చేసే ప్రామాణిక పద్ధతి యూనికోడ్. ఆ యూనికోడ్ తెలుగు ఫాంట్లు సాధారణంగా సిస్టంతోనే వస్తాయి. పోతన, వేమన, మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్, మల్లన్న, సూరన్న, ధూర్జటి లాంటి అందమైన ఫాంట్లు కూడా ఉచితంగా దొరుకుతాయి. ఫాంట్ ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ అంటే చాలు.

టైపింగ్‌కి రెండు దారులు. ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక తెలుగు కీబోర్డ్ వచ్చినవాళ్ళు కీబోర్డ్ సెట్టింగ్స్‌లోని లేఅవుట్స్‌లో తెలుగు చేర్చుకుంటే పని అయిపోయింది. మిగతావాళ్ళు సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచి ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రామ్‌కి సంబంధించిన ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకోవాలి. అందులో తెలుగుకి చాలా పద్ధతులున్నాయి. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైప్ చేసే లేఖిని అలవాటున్నవాళ్ళకి ఆర్‌టీఎస్ పద్ధతి చేతికి దగ్గరగా ఉంటుంది. అనులో ఆపిల్ కీబోర్డ్ మీద ఏళ్ళ తరబడి టైప్ చేసినవాళ్ళకి ఆపిల్ లేఅవుట్ కూడా ఉంది. వేళ్ళకి కొత్తగా నేర్పాల్సింది తక్కువ. ఈ మాట చెప్తే డీటీపీ వాళ్ళ ముఖాలు వెలిగిపోతాయి. ఎందుకంటే వాళ్ళ భయమంతా ఆ కీబోర్డ్ గురించే.

ఇక అను ఫాంట్ల సంగతి. అను గానీ, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ గానీ లినక్స్ కోసం చేసినవి కావు. పాత అను ఫైళ్ళలో ఉన్నది యూనికోడ్ తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టిన ఏర్పాటు అది. ఆ ఫాంట్ లేని చోట తెరిస్తే శుభలేఖ మొత్తం కొక్కిరి గుర్తుల్లా కనిపిస్తుంది. విండోస్‌లో కూడా ఫాంట్ లేకపోతే ఇదే గతి. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ఒత్తులు, పొల్లులు, అంకెలు ఒక్కొక్కటీ సరిచూసుకోవాలి. ముహూర్తం టైమ్ తప్పు పడితే ఎవరూ క్షమించరు.

నా సలహా: రోజూ ప్రెస్‌కి అను ఫైళ్ళు పంపి బతికేవాళ్ళు ఆ ఒక్క సిస్టంలో విండోస్ అలాగే ఉంచుకోండి. కొత్త పని మాత్రం యూనికోడ్‌లో మొదలుపెట్టండి. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్, పేజీలు కూర్చే స్క్రైబస్, ఆఫీసు పనుల లిబ్రెఆఫీస్ మూడూ యూనికోడ్ తెలుగుని తీసుకుంటాయి. యూనికోడ్‌లో రాసింది ఫోన్‌లోనూ కనిపిస్తుంది, వెతికితే దొరుకుతుంది, పదేళ్ళ తర్వాత కూడా చదవగలం.

మెనూలు కూడా తెలుగులో పెట్టుకోవచ్చు. ప్రస్తుతానికి కొంత తెలుగు, కొంత ఇంగ్లీషు కలగలిసి వస్తుంది.

శ్రీవారి దర్శనం టికెట్లు, బ్యాంకు పనులు చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు, సేవలు, గదుల బుకింగ్ అన్నీ బ్రౌజర్‌లో జరిగేవే. ఫైర్‌ఫాక్స్ ముందే ఉంటుంది. గూగుల్ క్రోమ్ కావాలంటే దాన్నీ వేసుకోవచ్చు. టికెట్లు వదిలే రోజు వరుసలో నిలబడక తప్పదు, ఏ ఆపరేటింగ్ సిస్టం అయినా అక్కడ తేడా ఉండదు. నెట్ బ్యాంకింగ్, కరెంటు బిల్లు, రైలు టికెట్లు, వాట్సాప్ వెబ్, యూట్యూబ్ కూడా అంతే. కొన్ని ఓటీటీల్లో మాత్రం వీడియో నాణ్యత విండోస్ కంటే తక్కువగా రావచ్చు.

వర్డ్, ఎక్సెల్ ఫైళ్ళు?

లిబ్రెఆఫీస్‌లో తెరుచుకుంటాయి. మామూలు ఉత్తరాలు, బయోడేటాలు, ఇంటి లెక్కలకి ఏ ఇబ్బందీ లేదు. వర్డ్‌లో గౌతమి ఫాంట్‌తో చేసిన తెలుగు ఫైల్ తెరిస్తే ఆ ఫాంట్ లేక ఇంకోటి వచ్చి, లైన్లు జరిగి, పేజీలు పెరగొచ్చు. ఎవరికైనా పంపేటప్పుడు పీడీఎఫ్ చేసి పంపండి. మాక్రోలున్న పెద్ద ఎక్సెల్ షీట్లతో ఆఫీసు పని చేసేవాళ్ళు ముందుగా తమ ఫైళ్ళతోనే పరీక్షించుకోవాలి.

ప్రింటర్ పని చేస్తుందా?

మోడల్‌ని బట్టి ఉంటుంది. హెచ్‌పీ ప్రింటర్లలో చాలావాటికి డ్రైవర్ మింట్‌తోనే వస్తుంది, కేబుల్ పెట్టగానే గుర్తుపడుతుంది. ఎప్సన్ ఇంక్ ట్యాంక్ ప్రింటర్లు కూడా ఎక్కువగా బాగానే నడుస్తాయి. కొత్త వైఫై ప్రింటర్లకి చాలావరకు డ్రైవర్ అక్కర్లేదు. జిరాక్స్ షాపుల్లో, ఇళ్ళల్లో కనిపించే కేనన్ ఎల్‌బీపీ 2900 దగ్గర మాత్రం చిక్కుంది. అది క్యాప్ట్ అనే సొంత పద్ధతిలో పని చేస్తుంది. లినక్స్‌లో నడిపించొచ్చు గానీ కొత్తవాళ్ళకి తలనొప్పి. మీ దగ్గర అదే ఉంటే విండోస్ కూడా ఉంచుకోండి.

వైఫై రావట్లేదు. డ్రైవర్ దింపుకోవాలంటే నెట్ కావాలి కదా?

ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. నెట్ వచ్చేస్తుంది. తర్వాత మెనూలో డ్రైవర్ మేనేజర్ తెరిస్తే ఏ డ్రైవర్ కావాలో అదే చూపిస్తుంది. పాత బ్రాడ్‌కామ్ చిప్పులకి ఎక్కువగా ఇది చాలు. కొన్ని చవక యూఎస్‌బీ వైఫై డాంగిళ్ళు మాత్రం ఎంత చేసినా సతాయిస్తాయి.

ఎవరు లినక్స్‌కి మారకూడదు?

ట్యాలీలో లెక్కలు రాసేవాళ్ళు. జీఎస్టీ పనులకి డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ రోజూ వాడేవాళ్ళు. వేలిముద్ర యంత్రంతో సర్వీస్ సెంటర్ నడిపేవాళ్ళు. ఫోటోషాప్, కోరల్‌డ్రా మీద బతుకుతెరువు ఉన్నవాళ్ళు. వైన్ అనే ప్రోగ్రామ్‌తో కొన్ని విండోస్ సాఫ్ట్‌వేర్లు లినక్స్‌లో నడుస్తాయి. అయినా జీతం దాని మీద ఆధారపడి ఉంటే ఆ సాహసం వద్దు. అదే పని కోసం విండోస్ సిస్టం ఒకటి ఉంచుకుని, పిల్లల సిస్టంలో లినక్స్ వేయండి.

వాలరెంట్ ఆట కావాలనే అబ్బాయి ఇంట్లో ఉంటే అది లినక్స్‌లో నడవదని ముందే చెప్పండి. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలోని చాలా ఆటలు నడుస్తాయి.

పిల్లల చదువుకి ఉపయోగమా?

చాలా. చిన్నపిల్లలకి జీకాంప్రీ, టక్స్ పెయింట్ ఉన్నాయి. హైస్కూల్ పిల్లలకి జియోజీబ్రాతో జామెట్రీ కళ్ళకి కడుతుంది. పైథాన్ సిస్టంతోనే వస్తుంది, సీ కంపైలర్ వేసుకోవడం నిమిషాల పని. ఇంజనీరింగ్‌లో చేరాక ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో వచ్చే ఆదేశాలు ఇంట్లోనే అలవాటవుతాయి. 2017 నవంబర్ నుంచి ప్రపంచంలోని టాప్ 500 సూపర్ కంప్యూటర్లన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి.

మన పొరుగునే చూడండి. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్ళుగా లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ చెన్నై కేంద్రం తయారు చేసిన బాస్ అనే లినక్స్‌ని తమిళనాడు విద్యార్థుల ఉచిత ల్యాప్‌టాపుల్లో ఇచ్చారు. చిత్తూరు పిల్లలు దీనికి దూరంగా ఉండాల్సిన కారణం నాకు కనిపించదు.

జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. నిఘా సాఫ్ట్‌వేర్ వేసుకుని రాయాల్సిన కొన్ని ఆన్‌లైన్ పరీక్షలు విండోస్‌నే అడుగుతాయి. పరీక్ష ముందురోజు రాత్రి కాకుండా, దరఖాస్తు చేసేటప్పుడే నిబంధనలు చదవండి.

వైరస్‌లు రావా? యాంటీవైరస్ కొనాలా?

ఇంటి వాడకానికి కొనక్కర్లేదు. జిరాక్స్ షాపు పెన్‌డ్రైవ్‌లో వచ్చే షార్ట్‌కట్ వైరస్ లినక్స్‌లో నడవదు. సాఫ్ట్‌వేర్లు వెబ్‌సైట్ల నుంచి కాకుండా సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచే వేసుకోండి, అప్‌డేట్లు ఆపకండి. ఓటీపీ అడిగే మోసాన్ని మాత్రం ఏ సిస్టమూ ఆపలేదు.

నల్ల తెర మీద ఆదేశాలు టైప్ చేయాలట కదా?

రోజువారీ పనికి అవసరం లేదు. ఏదైనా సమస్యకి పరిష్కారం వెతికినప్పుడు మాత్రం టెర్మినల్ ఆదేశాలే ఎక్కువగా కనిపిస్తాయి, ఎందుకంటే ఏ డిస్ట్రోలోనైనా అవి దాదాపు ఒకేలా ఉంటాయి. అర్థం కాని ఆదేశాన్ని, అందులోనూ సుడో అని మొదలయ్యేదాన్ని, గుడ్డిగా పేస్ట్ చేయకండి. సుడో అంటే సిస్టం మీద పూర్తి అధికారం ఇచ్చినట్టు.

ఎండాకాలం కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. సిస్టం పాడవుతుందా?

మింట్ వాడే ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టం, చేయబోయే మార్పుల్ని ముందు జర్నల్‌లో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా తిరిగి ఆన్ చేసినప్పుడు సర్దుకునే అవకాశం ఎక్కువ. సేవ్ చేయని ఫైల్ పోతుంది. అప్‌డేట్ జరుగుతుండగా కరెంటు పోతే మాత్రం నిజంగా ఇబ్బందే. డెస్క్‌టాప్‌కి యూపీఎస్ పెట్టుకోండి.

సిస్టం స్థితిని దాచిపెట్టే టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామ్ మింట్‌తోనే వస్తుంది. మొదటి రోజే ఆన్ చేయండి. సిస్టం చెడితే నిన్నటి స్థితికి వెనక్కి తీసుకెళ్తుంది. అది మామూలుగా కాపాడేది సిస్టం ఫైళ్ళనే. మీ ఫోటోలకి వేరే బ్యాకప్ ఉండాల్సిందే.

నచ్చకపోతే మళ్ళీ విండోస్‌కి వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చు. విండోస్ 8 తర్వాత విండోస్‌తో వచ్చిన ల్యాప్‌టాపుల్లో లైసెన్సు కీ సాధారణంగా మదర్‌బోర్డులోనే ఉంటుంది. అదే ఎడిషన్ మళ్ళీ వేస్తే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. లినక్స్ వేసే ముందే విండోస్ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ కూడా ఒకటి చేసి పక్కన పెట్టుకుంటే నిశ్చింత.

సమస్య వస్తే ఎవరిని అడగాలి?

మన ఊళ్ళో కంప్యూటర్ షాపుల్లో చాలామంది "ఫార్మాట్ కొట్టి విండోస్ వేద్దాం సార్" అంటారు. వాళ్ళకి అలవాటైన పని అది. ర్యామ్, ఎస్ఎస్‌డీ, కీబోర్డ్ లాంటి హార్డ్‌వేర్ పనికి మాత్రమే వాళ్ళ దగ్గరికి వెళ్ళి, సాఫ్ట్‌వేర్ ముట్టుకోవద్దని ముందే చెప్పండి. ఎస్వీ యూనివర్సిటీలోనో, చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లోనో చదివే పిల్లలు మీ వీధిలో ఉంటే వాళ్ళని అడగండి. వాళ్ళలో చాలామందికి లినక్స్ చేతికి అలవాటే.

అడిగేటప్పుడు "పని చేయట్లేదు" అని ఊరుకోకండి. ల్యాప్‌టాప్ మోడల్, మింట్ వెర్షన్, ఏం చేస్తుండగా ఆగింది, తెర మీద వచ్చిన ఎర్రర్ ఫోటో, ఈ నాలుగూ ఇవ్వండి. మోడల్ తెలియకపోతే మెనూలో సిస్టం ఇన్ఫర్మేషన్ తెరవండి, వివరాలన్నీ అక్కడే ఉంటాయి. వాటిని కాపీ చేసి పంపితే చాలు.